పీర్ అంటే ఏ పీర్?

మా ఆపా బిడ్డ హైదరాబాద్‌లో సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. మొన్నటి రంజాన్‌కు ముందు ఒక రాత్రి ఫోన్ చేసింది. "మామూ, నా పేపర్ ఒక జర్నల్ వాళ్లు తీసుకున్నరు! పీర్ రివ్యూ కూడా అయిపోయిందట." తాండూరులో మా ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. పక్కన తస్బీహ్ తిప్పుతున్న మా అమ్మీ చెయ్యి ఆపి అడిగింది: "ఏ పీర్ సాబ్ చూసిండు బేటా? దువా చేసి పంపిండా?"

ఇంటిల్లిపాదీ నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా అమ్మీ కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి నాకు ఆ మాటే గుర్తొస్తూ ఉంది. ఫార్సీలో పీర్ అంటే పెద్దవాడు, వయసు పండినవాడు, దారి చూపే ముర్షిద్. ఇంగ్లీషు పీర్ దానికి పూరా ఉల్టా. సాటివాడు, హమ్‌సర్ అని అర్థం. పీర్ చేతిలో చెయ్యేసి బైఅత్ చేసిన మురీద్ ఆయన మాటను తూకం వేయడు. హమ్‌సర్ పని తూకం వేయడమే. అయినా అమ్మీ సవాల్‌లో సగం సరైనదే: ఎవరు చూసిండు?

రెండ్రోజులకు మా బేటా ఉస్తాద్ కూడా అదే అడిగిందట. "రివ్యూయర్లు ఏం రాశారో చూపించమ్మా." చూపించడానికి ఏమీ లేదు. సోమవారం పంపిన పేపర్‌కు జుమా నాటికి జవాబొచ్చింది. అందులో ఒక్క జుమ్లా: పేపర్ చాలా బాగుంది. దాని కింద ఫీజు ఎంతో, ఎన్ని రోజుల్లో కట్టాలో. ఆ జర్నల్ ఏదో ఇక్కడ రాయను. దాని అడ్రసు మన రాష్ట్రంలోది కాదు, అంతే చెప్తాను. మిఠాయి పంచేసిన ఇంట్లో ఆ పిల్ల ముఖం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

తర్వాతి వారం ఇద్దరం కలిసి పొద్దున రైల్లో హైదరాబాద్ పోతున్నాం. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం సర్కారు వేయించిన లైన్ ఇది. తాండూరు నాపరాయి, కందిపప్పు, మా ఖాందాన్ పిల్లల చదువులు అన్నీ దీని మీదే పట్నం చేరాయి. రైలు కదలగానే మొదలుపెట్టింది: "మామూ, మీరు తారీఖ్ చదివినోళ్లు. ఈ పీర్ రివ్యూ ఎప్పటి నుంచి ఉంది? అసలు ఎవరికి పుట్టింది ఈ ఆలోచన?" వికారాబాద్ దాటేదాకా ఆమెకు చెప్పిందీ, ఆ తర్వాత ఇంటికొచ్చి కితాబులు తిరగేసిందీ కలిపి రాస్తున్నాను.

ముందు, అది ఎలా నడుస్తుందో. ఆమె పేపర్‌నే మిసాల్‌గా తీసుకుందాం. తాండూరు, వికారాబాద్ ఇంటర్ కాలేజీల ఆడపిల్లల్లో పరీక్షల భయం మీద వందకు పైగా పిల్లలకు సవాల్‌నామా ఇచ్చి రాసిన పేపర్ అది. నిజమైన జర్నల్‌కు పంపితే ముందు ఎడిటర్ చదువుతాడు. మా జర్నల్‌కు తగదు అనుకుంటే అక్కడే వాపస్. తగుతుంది అనుకుంటే అదే మౌజూ మీద పనిచేసే ఇద్దరు ముగ్గురు ఆలిమ్‌లకు పంపుతాడు. ఆలిమ్ అంటే ఇక్కడ ఆ ఇల్మ్ తెలిసినవాళ్లు. వాళ్లకు దీనికి జీతం ఉండదు. సైకాలజీ జర్నల్స్‌లో చాలాచోట్ల రాసింది ఎవరో చదివేవాళ్లకు చెప్పరు, చదివింది ఎవరో రాసినవాళ్లకు చెప్పరు. నెలలు పడుతుంది. వాళ్లు సవాళ్లు రాసి పంపుతారు. ఇంత తక్కువ మందిని అడిగి ఇంత పెద్ద నతీజా ఎలా తీశావు? పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల తల్లిదండ్రుల ఇజాజత్ తీసుకున్నావా? ఫోన్ ఎక్కువ చూసే పిల్లలకు భయం ఎక్కువ అన్నావు, భయం ఎక్కువైన పిల్లలే ఫోన్‌లో తల దాచుకుంటున్నారేమో ఎలా తెలుసు? వాటికి జవాబు రాయాలి, పేపర్ దిద్దాలి, మళ్లీ పంపాలి. ఆఖరి ఫైసలా ఎడిటర్‌ది. రివ్యూయర్లు గవాహ్‌లు, ఖాజీ ఎడిటర్.

పోలిక లేకుండా నతీజా తీయకూడదన్న మాట దగ్గర ఆమె ఆగింది. అప్పటికి కిటికీలోంచి అనంతగిరి గుట్టలు కనిపిస్తున్నాయి. ఆ గుట్టల మీద టీబీ దవాఖానా ఉందని మనందరికీ తెలుసు. గుట్ట గాలికి ఊపిరితిత్తులు బాగవుతాయని ఒక జమానాలో దునియా అంతా నమ్మింది. ఎత్తైన చోట, చెట్ల మధ్య సానటోరియంలు కట్టారు. వచ్చినవాళ్లలో కొందరు బాగయ్యారు కూడా. కానీ వాళ్లు గాలి వల్ల బాగయ్యారా, మందు వల్లా? 1950ల రెండో సగంలో మద్రాసులో కొందరు డాక్టర్లు ఈ సవాల్‌ను నేరుగా పట్టుకున్నారు. పేషెంట్లను చీటీ తీసినట్టు రెండు జమాత్‌లు చేశారు. ఒక జమాత్‌కు సానటోరియం, మంచి తిండి, ఆరాం. రెండో జమాత్‌కు ఇరుకు ఇళ్లలోనే అవే మందులు. రెండు జమాత్‌ల నతీజా దాదాపు ఒకటే వచ్చింది. మందు కరెక్టుగా వాడితే ఇల్లయినా చాలు అని తేలింది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాక దునియా మొత్తం మీద టీబీ ఇలాజ్ తీరే మారిపోయింది. "నీ పేపర్‌లో రెండో జమాత్ ఏది బేటా?" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు, నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇంకో సవాల్ మాత్రం నాకే తట్టింది, ఎందుకంటే నాది ఉర్దూ కాబట్టి. ఆమె వాడిన సవాల్‌నామా ఇంగ్లీషుది. తానే కూర్చుని తెలుగులోకి, ఉర్దూలోకి మార్చింది. ఇంగ్లీషులో యాంగ్జైటీ అన్నచోట తెలుగులో "ఆందోళన" అని రాసింది, ఉర్దూలో "ఖౌఫ్" అని. ఆందోళన పత్రికల మాట. తాండూరు పిల్ల నోట రాదు. ఖౌఫ్ అంటే ఎదురుగా పామును చూసినప్పటి భయం. పరీక్ష ముందు రాత్రి పడే బాధను మన ఇళ్లలో ఘబ్రాహట్ అంటాం, బేచైనీ అంటాం. ఒకే సవాల్‌కు ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు వాటి గురించి జవాబు చెప్పి ఉంటారు.

ఈ గొడవ కొత్తది కాదు. నఫ్సియాత్ మన ముల్క్‌లో ఉర్దూ మాట్లాడటం మొదలుపెట్టిన రోజే మొదలైంది. 1913లో అబ్దుల్ మాజిద్ దరియాబాదీ అనే ఇరవై ఏళ్ల నౌజవాన్ జజ్బాత్‌ల మీద ఉర్దూలో రాస్తున్నాడు. సుఖం, బాధ అన్న జంటకు నఫ్సియాత్‌లో ఒక ఇస్తిలాహ్ కావాలి. ఆయన "హజ్-ఓ-కర్బ్" అన్నాడు. కలకత్తా నుంచి అల్-హిలాల్ నడుపుతున్న మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ఒప్పుకోలేదు. "లజ్జత్-ఓ-అలమ్" అనాలన్నాడు. అరబీలో హజ్ అంటే హిస్సా, నసీబ్. ఉర్దూ బజార్లో హజ్ అంటే మజా. మరి ఉర్దూలో రాసే పుస్తకానికి ఏ అర్థం లెక్క? ఇద్దరూ పేర్లు పెట్టుకుని, అచ్చులో, అందరి ముందూ వాదించుకున్నారు. చదువరి చేతిలో రెండు వైపుల దలీలూ ఉన్నాయి. మరుసటి ఏడాదే దరియాబాదీ పుస్తకం ఫల్సఫా-ఎ-జజ్బాత్ వచ్చింది. 1915లో సైకాలజీ మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం లండన్‌లో అచ్చయింది.

అదే దరియాబాదీ 1917లో హైదరాబాద్ వచ్చాడు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మాన్ వెలువడిన సాల్ అది. చదువంతా ఉర్దూలో చెప్పాలంటే కితాబులు ఉండాలి కదా. అందుకోసం దారుత్తర్జుమా పెట్టారు. మొదటి నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్. ఈ ఇదారా పనితీరు చదివితే నాకు ఇప్పటికీ రష్క్ కలుగుతుంది. ఒకరు తర్జుమా చేసినంత మాత్రాన అచ్చుకు పోయేది కాదు. ఇస్తిలాహ్‌ల కోసం మజ్లిస్ ఉండేది, అందులో ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు, జబాన్ తెలిసినవాళ్లు ఎదురెదురుగా కూర్చునేవారు. కొత్త మాటలు అరబీ నుంచే తేవాలని ఒక గ్రూపు, ఉర్దూలో కలిసిన అన్ని జబాన్‌ల నుంచీ తీసుకోవచ్చని ఇంకో గ్రూపు. వహీదుద్దీన్ సలీమ్ ఆ రెండో పక్షాన నిలబడి 1921లో వజ్-ఎ-ఇస్తిలాహాత్ అనే పుస్తకమే రాశాడు. తర్జుమా జబాన్ చూడటానికి నాజిర్-ఎ-అదబీ ఉండేవాడు. నజ్మ్ తబాతబాయీ ఆ పని చేశాడు, తర్వాతి రోజుల్లో జోష్ మలీహాబాదీ కూడా. మజ్‌హబ్ వైపు నుంచి చూడటానికి నాజిర్-ఎ-మజ్‌హబీ వేరే.

ఇది పీర్ రివ్యూనేనా? పూర్తిగా కాదు. వాళ్లు చూసింది తర్జుమాను, కొత్త తహ్‌ఖీఖ్‌ను కాదు. పైగా ఇందులో ఒక చేదు సబఖ్ కూడా ఉంది. దరియాబాదీ అంతకుముందు రాసిన ఫల్సఫా-ఎ-ఇజ్తిమా మీద ఫత్వాల గోల లేచింది. ఏడాది తిరగకముందే ఆయన హైదరాబాద్ వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆయనే ఆ రోజుల ఖయాలాత్ నుంచి తౌబా చేసుకుని, ఇంగ్లీషులో, ఉర్దూలో ఖురాన్ తఫ్సీర్ రాశాడు. అది వేరే ఖిస్సా. నేను చూసే తేడా ఇది: ఆజాద్ ఆయనతో "ఈ మాట గలత్, ఇదిగో దలీల్" అని వాదించాడు. ఫత్వా మాత్రం మనిషి మీద పడింది. ఆజాద్‌కు జవాబు రాయొచ్చు. ఫత్వాకు జవాబు రాసి ఎవరు గెలిచారు?

మనిషిని చూడటం అనగానే మీలో చాలామందికి జర్హ్-ఓ-తాదీల్ గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. హదీస్ చెప్పిన ప్రతి రావీ ఎవరు, ఎవరి దగ్గర విన్నాడు, ఆ ఇద్దరూ కలిసే వీలుందా, హాఫిజా ఎలాంటిది, అబద్ధం ఆడిన దాఖలా ఉందా అని మన ముహద్దిసీన్ వందల ఏళ్లు జాంచ్ చేశారు. సిఖా, జయీఫ్, మత్రూక్, కజ్జాబ్ అని దర్జాలు పెట్టారు. ఆ ఇల్మ్ పునాది కితాబులు ఎక్కడ అచ్చయ్యాయో మన పిల్లలకు చెప్తున్నామా? హైదరాబాద్‌లో. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్‌లో. ఇబ్న్ హజర్ తహ్‌జీబుత్ తహ్‌జీబ్, లిసానుల్ మీజాన్ 20వ సదీ మొదటి పదిహేనేళ్లలో ఇక్కడే అచ్చయ్యాయి. ఇబ్న్ అబీ హాతిమ్ రాసిన అల్-జర్హ్ వత్-తాదీల్‌ను తర్వాత యమన్ నుంచి వచ్చిన ఆలిమ్ అబ్దుర్రహ్మాన్ అల్-ముఅల్లిమీ తస్‌హీహ్ చేశాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆయన ఇక్కడ కూర్చుని చేసిన పని ఏమిటంటే, చేతిరాత నుస్ఖాలు పక్కపక్కన పెట్టి ఒక్కో పేరు, ఒక్కో నుక్తా సరిచూడటం. కైరో, దమిష్క్ ఆలిమ్‌ల అల్మారాల్లో కూడా హైదరాబాద్ ఛాపా జిల్దులు ఉండేవి.

ఇక్కడ ఫఖర్ పడే ముందు ఒక్క నిమిషం. "పీర్ రివ్యూ కనిపెట్టింది ముసల్మాన్లే" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చి ఉంటుంది. అందులో ఇస్‌హాఖ్ ఇబ్న్ అలీ అర్-రుహావీ పేరు ఉంటుంది. 9వ సదీలో అదబుత్ తబీబ్ రాసిన హకీమ్. మరీజ్ హాల్ రోజూ రాసి ఉంచాలని, మరీజ్ చనిపోతే పెద్ద హకీములు ఆ కాగితాలు చూసి ఇలాజ్ సరిగా జరిగిందో లేదో తేల్చాలని అందులో ఉంది. గొప్ప మాటే. కానీ అది హకీమ్ మీద హిసాబ్, అచ్చయ్యే తహ్‌ఖీఖ్ మీద కాదు. రుహావీ ముసల్మానా ఈసాయీనా అన్న దాని మీదే చరిత్రకారుల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. 2002లో ఒక ఇంగ్లీషు సైన్స్ పత్రికలో రే స్పియర్ ఆ కథ రాశాక అది అంతటా పాకింది. రావీలను జాంచ్ చేసిన ఉమ్మత్ కనీసం ఫార్వర్డ్ చేసే ముందు సనద్ అడగొద్దా?

పశ్చిమం వాళ్ల కథ కూడా వాళ్లు చెప్పుకునేంత పాతది కాదు. 1665లో లండన్ రాయల్ సొసైటీ జర్నల్ మొదలైనప్పుడే పీర్ రివ్యూ పుట్టిందంటారు. నిజానికి అప్పుడు ఎడిటర్ ఓల్డెన్‌బర్గ్ తన ఇష్టప్రకారం వేసేవాడు. సొసైటీ సభ్యులు ఇద్దరు రాతపూర్వకంగా రాయ్ ఇవ్వాలన్న పద్ధతి 1832లో విలియం వ్యూయెల్ తెచ్చాడు. నాకు నచ్చే సంగతి, ఆ మొదటి పేపర్ మీదే ఇద్దరికీ కుదరలేదు. జార్జ్ ఎయిరీ అనే నుజూమ్ ఆలిమ్ రాసింది అది. వ్యూయెల్ తారీఫ్ రాద్దామన్నాడు, జాన్ లబ్బక్ తప్పులు దిద్దించాలన్నాడు. వందేళ్ల తర్వాత కూడా ఇది అందరికీ అలవాటు కాలేదు. 1936లో ఐన్‌స్టైన్ పేపర్‌ను అమెరికా జర్నల్ ఒకటి వేరొకరికి చూపించిందని ఆయన నారాజ్ అయి పేపర్ వాపస్ తీసుకున్నాడు. తప్పు పట్టిన ఆ గుమ్‌నామ్ రివ్యూయరే కరెక్టని తర్వాత తేలింది. ఐన్‌స్టైన్ ఆ పేపర్ మార్చి వేరే చోట వేయించుకున్నాడు. నేచర్ పత్రిక ప్రతి పేపర్‌కూ రివ్యూ తప్పనిసరి చేసింది 1973లో.

జర్హ్-ఓ-తాదీల్‌కూ దీనికీ అసలు తేడా మా బేటాయే పట్టుకుంది. "మామూ, అక్కడ పేరు ముందు అడుగుతరు. ఇక్కడ పేరు దాస్తరు." ఎందుకు దాస్తారు? ఎందుకంటే రావీ విన్నది చెప్తాడు, కాబట్టి ఆయన మనిషి ఎలాంటివాడో తెలియాలి. తహ్‌ఖీఖ్ చేసినవాడు కొలిచింది చెప్తాడు, ఆ కొలత ఎవరైనా మళ్లీ చేయగలగాలి. పేరు కనిపిస్తే చదివేవాడి కళ్లు పేరు మీద పడతాయి. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సీసీ దీన్ని నఫ్సియాత్ జర్నల్స్ మీదే పరీక్షించారు. పేరున్న యూనివర్సిటీల వాళ్లు రాయగా అప్పటికే అచ్చయిన 12 పేపర్లు తీసుకుని, ఎవరికీ తెలియని పేర్లు, లేని సంస్థల అడ్రసులు పెట్టి, అవే జర్నల్స్‌కు మళ్లీ పంపారు. మూడింటిని మాత్రమే పాతవని పోల్చుకున్నారు. మిగిలిన తొమ్మిదిలో ఎనిమిది వాపస్ వచ్చాయి. చాలావాటికి చెప్పిన వజహ్ "పద్ధతిలో పెద్ద లోపాలు" అని! పెద్ద పేరు కింద కనబడని లోపాలు చిన్న పేరు కింద కనబడ్డాయన్నమాట. తాండూరు నుంచి పోయే పిల్లకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది, దిల్ తోడ్‌కోవడానికి కాదు.

ఈ 12 పేపర్ల కథ అచ్చయిన జర్నల్‌కు ఒక ఆదత్ ఉంది. ఒక పెద్ద వ్యాసం వేసి, దాని మీద హమ్‌సర్ల ఎతిరాజ్‌లు కూడా పేర్లతో సహా అక్కడే వేస్తుంది. అల్-హిలాల్ బహస్ లాగా అనుకోండి. 1987లో అందులో ఒక తెలుగాయన వ్యాసం వచ్చింది. కోనేరు రామకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ డిపార్ట్‌మెంట్ నిలబెట్టినాయన, ఆ యూనివర్సిటీ వైస్ చాన్సలర్ కూడా. ఇంద్రియాలకు అందని జ్ఞానం, కళ్లతో చూడకుండా తెలుసుకోవడం వంటివి నిజంగా ఉన్నాయని, ప్రయోగాల్లో దానికి సుబూత్ ఉందని జాన్ పామర్‌తో కలిసి రాశాడు. అదే సంచికలో జేమ్స్ ఆల్కాక్ అదంతా రూహ్ కోసం వెతుకులాటే, సైన్స్ కాదు అని రాశాడు. ఆ రెండింటి మీదా ఎందరో పండితులు జవాబులు రాశారు. నాకు ఆ సుబూత్ మీద భరోసా లేదు. కానీ రావు గారి హిమ్మత్ మీద ఇజ్జత్ ఉంది. తన మాటను ఎదిరించేవాళ్ల మధ్యలోకి తీసుకెళ్లి పెట్టాడు కదా.

ఆయన అమెరికాలో నడిపిన సంస్థలోనే, ఆయన దాని డైరెక్టర్ కావడానికి కొన్నేళ్ల ముందు, ఇంకో వాఖియా జరిగింది. జె.బి. రైన్ పెట్టిన సంస్థ అది. 1974లో అక్కడ వాల్టర్ లెవీ అనే నౌజవాన్ డైరెక్టర్ ఎలుకల మీద ప్రయోగాల్లో అద్భుతమైన నతీజాలు చూపిస్తున్నాడు. తోటి పనివాళ్లకు షక్ వచ్చింది. ఆయన మిషన్ దగ్గర ఊరికే తచ్చాడటం చూశారు. ఆయనకు తెలియకుండా ఇంకో రికార్డింగ్ పెట్టారు. మిషన్‌లో ప్లగ్ లాగి అంకెలు పెంచుతున్నాడని తేలింది. లెవీ ఒప్పుకుని వెళ్లిపోయాడు, రైన్ ఆ మోసాన్ని తన జర్నల్‌లోనే బయటపెట్టాడు. రివ్యూ హద్దు ఎక్కడుందో ఇందులో తెలుస్తుంది. రివ్యూయర్ చేతికి కాగితం వస్తుంది, ప్లగ్ కనిపించదు. కాగితంలో దలీల్ కుదిరిందా లేదా అనే ఆయన చెప్పగలడు. రాసినవాడు సచ్చా మనిషా కాదా అన్నది పక్కన పనిచేసినవాళ్లకే తెలుస్తుంది.

2011లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన డారిల్ బెమ్ తొమ్మిది ప్రయోగాలు చేసి, జరగబోయేది మనిషికి ముందే కొంచెం తెలుస్తుందని రాశాడు. నఫ్సియాత్‌లో పేరు మోసిన జర్నల్ రివ్యూ చేయించి వేసింది. ముగ్గురు బ్రిటిష్ తహ్‌ఖీఖ్‌దార్లు అందులో ఒక ప్రయోగాన్ని అచ్చంగా మళ్లీ చేస్తే ఏమీ రాలేదు. ఆ సంగతి రాసి పంపితే అదే జర్నల్, పాత ప్రయోగం మళ్లీ చేసినవి మేం వేయం అని వాపస్ పంపింది. మొదటి గవాహీ విని, రెండో గవాహ్‌ను గుమ్మం దగ్గరే ఆపితే ఏ ఖాజీ అయినా ఒప్పుకుంటాడా? వాళ్ల పేపర్ 2012లో వేరే చోట వచ్చింది. ఆ తర్వాత చాలామంది చేతులు కలిపి, రివ్యూ దాటి అచ్చయిన 100 నఫ్సియాత్ తజ్రిబాలను మళ్లీ చేశారు. 2015లో ఫలితం వచ్చింది. మొదట 97 శాతం పేపర్లు కుదిరిందన్నాయి. మళ్లీ చేస్తే కుదిరినవి 36 శాతం. ఇప్పుడు కొన్ని జర్నల్స్ రివ్యూను ముందుకు జరిపాయి. పని మొదలుపెట్టకముందే పద్ధతి చూసి మాట ఇస్తాయి, నతీజా ఏదొచ్చినా వేస్తామని.

ఇదంతా లోపాలున్న రివ్యూ గురించి. అసలు లేని రివ్యూ గురించి రాయాలంటే మళ్లీ హైదరాబాద్ రావాలి, రాయడానికి చెయ్యి ఆడదు. వందల జర్నల్స్ నడిపే ఓమిక్స్ అనే కంపెనీ మన నగరానిదే. 2016లో అమెరికా సర్కారు ట్రేడ్ కమిషన్ దాని మీద ముఖద్దమా వేసింది. పీర్ రివ్యూ అయినట్టు చెప్తారు, చాలా పేపర్లకు అది జరగదు. అడగకుండానే పండితుల పేర్లు ఎడిటర్ల లిస్టులో పెడతారు. ఫీజు సంగతి పేపర్ తీసుకున్నాక చెప్తారు, వద్దంటే వాపస్ ఇవ్వరు. ఇవీ ఇల్జామ్‌లు. కంపెనీ కాదంది. 2019 మార్చిలో అమెరికా కోర్టు కమిషన్ వైపే ఫైసలా చేసి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. 2016లోనే న్యూజిలాండ్ ప్రొఫెసర్ క్రిస్టఫ్ బార్ట్‌నెక్, ఆ కంపెనీ న్యూక్లియర్ ఫిజిక్స్ సభకు ఒక వ్యాసం పంపాడు. ఫోన్ తనంతట తాను ఏ మాట సూచిస్తే ఆ మాట నొక్కుకుంటూ పోయి తయారుచేసిన బక్వాస్ అది. మూడు గంటల్లో మంజూరైంది.

అల్-ముఅల్లిమీ ఒక్క నుక్తా కోసం నుస్ఖాలు తిప్పిన షహర్ ఇదే.

ముహద్దిసీన్ జబాన్‌లో, ఎవరో తెలియని రావీని మజ్‌హూల్ అంటారు. నిజమైన జర్నల్‌లో రివ్యూయర్ రాసినవాళ్లకు మజ్‌హూల్, కానీ ఎడిటర్‌కు తెలుసు, ఆయన రాసిన సవాళ్లు చేతికి వస్తాయి. మా బేటాకు వచ్చిన మెయిల్‌లో గవాహ్ అందరికీ మజ్‌హూల్. అసలు ఉన్నాడో లేడో. మన ఇళ్లలో మొదటి తరం పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, డిగ్రీలు దాటి తహ్‌ఖీఖ్ దాకా పోతున్నారు. ఇంగ్లీషులో ఒక ముబారక్ మెయిల్ రాగానే అబ్బాజాన్ అప్పు చేసైనా ఫీజు కట్టేస్తాడు. కట్టే ముందు అడగాల్సింది ఒకటే: వాళ్లు ఏం తప్పు పట్టారు, చూపించు బేటా.

ఆమె ఫీజు కట్టలేదు. పేపర్ వాపస్ తీసుకుంటున్నానని రాసి, ఉస్తాద్ సలహాతో దిద్దుకుని వేరే జర్నల్‌కు పంపింది. రంజాన్ పోయింది, బక్రీద్ పోయింది. ముహర్రంలో, ఊర్లో పీర్లు లేచిన రోజుల్లో జవాబొచ్చింది. "చూసినవా, పీర్ల పండుగకే వచ్చింది" అంది అమ్మీ, ఈసారి తెలిసే నవ్వుతూ. ఇద్దరు రివ్యూయర్లు, నాలుగు పేజీలు. ఒకాయన సవాళ్లు కొంచెం కటువుగా ఉన్నాయి. మా బేటా ఒక రాత్రంతా ఏడ్చింది. రెండో రివ్యూయర్ ఐదో సవాల్: యాంగ్జైటీని తెలుగులో, ఉర్దూలో ఎలా అడిగారు? ఆ తర్జుమాను అసలు చూడని మనిషితో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి పోల్చారా?

పోల్చలేదు. అందుకని సెలవుల్లో తాండూరు వచ్చి, నోట్‌బుక్ పట్టుకుని అమ్మీ పక్కన కూర్చుంది. "నానీ, పరీక్ష ముందు రాత్రి అమ్మీకి ఎట్ల అయితుండె? మీరు ఏమనేటోళ్లు?" అమ్మీ ఆలోచించింది. "జీ ఘబ్రాతా అనేది మీ అమ్మీ. మా పక్కింటి సావిత్రమ్మ బిడ్డయితే పానం కొట్టుకుంటుంది అనేది." రెండూ రాసుకుంది. ఎదురింటి వాళ్లది కన్నడం, వాళ్లనూ అడిగింది. తిరిగి ఇంగ్లీషులోకి మార్చే పని నాకు పడింది. అసలు ఇంగ్లీషు కాగితం మాత్రం నాకు చూపించట్లేదు, దాచేసింది. పదమూడు జుమ్లాలు అయ్యాయి. పద్నాలుగో దాంట్లో "బేచైనీ" దగ్గర ఆగి ఉన్నాం.